విమానం నడిపేవాళ్ళకి దారి ఎలా కనిపిస్తుంది?

  ఈ నెల మన గోడపత్రికలో సైన్సు వ్యాసం నా వంతు వచ్చింది. 2025 డిసెంబరులో సైన్సు ఎగ్జిబిషన్‌కి ఢిల్లీ వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి డార్మెట్రీలో అందరూ అడుగుతూనే ఉన్నారు, విమానం ఎలా ఉందే, భయం వేసిందా, తినడానికి ఏం పెట్టారు అని. తినడానికి ఒక గ్లాసులో పొడి ఉప్మా ఇచ్చి వేడినీళ్ళు పోశారు. అంతే. అది అయిపోయింది. నేను రాసేది విమానం ముందు భాగంలో పైలట్లు కూర్చునే గది గురించి. దాన్ని కాక్‌పిట్ అంటారు.

ఆ గది గురించే ఎందుకు రాస్తున్నానంటే మా అమ్మ వల్ల. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలిపోయింది కదా. లోపల 242 మంది ఉంటే ఒక్కరే బతికారు. మా ఊళ్ళో అందరూ సెల్లులో ఆ వీడియో చూశారు, మా అమ్మ కూడా చూసింది. తర్వాత ఎగ్జిబిషన్‌కి పంపడానికి తల్లిదండ్రుల ఒప్పుదల కావాలని సారు ఫారం ఇస్తే అమ్మ వేలిముద్ర వెయ్యనంది. "జీపు డ్రైవరుకైతే రోడ్డు కనిపిస్తాది. పైన మబ్బులో ఏం కనిపిస్తాదని నడుపుతాడు? నువ్వు చదువుకున్నావు కదా, చెప్పు" అంది. నేను చెప్పలేకపోయాను. మా ఇంట్లో మొట్టమొదట బడికి వచ్చింది నేనే. అమ్మ అడిగిన ఒక్క ప్రశ్నకి జవాబు రాకపోతే తొమ్మిదేళ్ళు ఏం చదివానా అని సిగ్గేసింది. చివరికి నాన్న చెప్తే వేలిముద్ర వేసింది, కానీ ఏడుస్తూ వేసింది. తెలుసుకుని వచ్చి చెప్తానని మాటిచ్చాను. సంక్రాంతి సెలవుల్లో అమ్మకి మా కువి భాషలో చెప్పాను. ఇప్పుడు మీకు తెలుగులో రాస్తున్నాను.

విశాఖపట్నం నుంచి ఢిల్లీకి రెండు గంటల పైనే పట్టింది. మేం ఎక్కింది ఎయిర్‌బస్ ఎ320 అనే రకం. ఢిల్లీలో అందరూ దిగిపోయాక మాతో వచ్చిన మేడం ఎయిర్‌హోస్టెస్‌ని అడిగితే, ఆమె వెళ్ళి పైలట్లని అడిగి, మా ఇద్దరినీ లోపలికి పంపింది. గాల్లో ఉండగా ఎవర్నీ రానివ్వరు. నేల మీద కూడా పైలట్ ఒప్పుకుంటేనే. ఎడమ సీట్లో కూర్చునేది కెప్టెన్. ఆయన ఏవో కాగితాలు రాసుకుంటున్నారు. కుడి సీట్లో ఒక అక్క ఉంది! ఆమే మాకు పది నిమిషాలు అన్నీ చూపించింది. నేను రఫ్ బుక్కు వెనక అట్ట మీద రాసుకున్నాను. అర్థం కానివి వచ్చాక లైబ్రరీలో చూశాను, ఫిజిక్స్ సారుని అడిగాను.

గది చాలా చిన్నది. మన స్టోర్ రూములో సగం కూడా ఉండదు. ముందు, పక్కన, మధ్యలో, తల మీద కూడా స్విచ్చులే. నాకు చూడగానే తల తిరిగింది. ఇన్ని దీపాలు ఎలా చూస్తారక్కా అని అడిగితే అక్క నవ్వింది. "అన్నీ బాగుంటే ఒక్క దీపం కూడా వెలగదు. చీకటిగా ఉంటే మంచిది" అంది. అంటే మనం అనుకున్నదానికి తిరగేసి అన్నమాట. ఏదైనా చెడితేనే దాని స్విచ్చు వెలుగుతుంది. పసుపు రంగు వెలిగితే చూసుకోవాలి, ఎరుపు వెలిగితే వెంటనే ఏదో ఒకటి చెయ్యాలి. మేం వెళ్ళినప్పుడు కొన్ని పసుపు దీపాలు వెలుగుతున్నాయి, ఇంజన్లు ఆపేశాం కాబట్టి అని చెప్పింది. ఏది చెడిందో, ఏం చెయ్యాలో మధ్యలో ఉన్న తెర మీద వరసగా రాసి వస్తుంది. మన ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినప్పుడు కూడా అలా రాసి వస్తే ఎంత బాగుండు.

ఇక అమ్మ ప్రశ్న. మబ్బులో ఏం కనిపిస్తుంది? జవాబు: ఏమీ కనిపించదు. కిటికీలోంచి తెల్లగా, గోడకి సున్నం వేసినట్టు ఉంటుంది. చలికాలం పొద్దున్న వంజంగి కొండ ఎక్కినవాళ్ళకి తెలుసు, మబ్బులోకి వెళ్తే ముందు నడిచేదాని జడ కూడా కనిపించదు. అయినా మనకి పైన ఏదో కింద ఏదో తెలుస్తుంది, కాళ్ళు నేల మీద ఉన్నాయి కాబట్టి. విమానంలో అదీ ఉండదు.

మీరు ఒప్పులకుప్ప తిరిగారు కదా. గిర్రున తిరిగి ఒక్కసారి ఆగితే ఏమవుతుంది? మనం ఆగిపోయినా భూమి ఇంకా తిరుగుతున్నట్టు ఉంటుంది. మన చెవి లోపల మూడు వంకర గొట్టాలు ఉంటాయి. వాటిలో నీళ్ళలాంటిది ఉంటుంది. తల తిరిగితే ఆ నీళ్ళు వెనకబడి లోపలి సన్నటి వెంట్రుకల్ని వంచుతాయి, అప్పుడు తిరుగుతున్నామని మెదడుకి తెలుస్తుంది. కానీ ఒకే వేగంతో కాసేపు తిరుగుతూ ఉంటే ఆ నీళ్ళు కూడా మనతో సమానంగా తిరగడం మొదలుపెడతాయి. అప్పుడు చెవి "ఏమీ తిరగట్లేదు, నిటారుగా ఉన్నావు" అని చెప్తుంది. అది అబద్ధం. మబ్బులో మెల్లగా ఒక పక్కకి ఒరిగి తిరుగుతున్న విమానంలో పైలట్‌కి నేరుగా పోతున్నట్టే అనిపిస్తుంది. సరిచేస్తే అప్పుడు ఇంకో పక్కకి ఒరిగినట్టు అనిపిస్తుంది. అలా ఒంటిని నమ్మి చాలామంది పైలట్లు పూర్వం చనిపోయారు. అందుకని పైలట్‌కి మొదట నేర్పేది, మబ్బులో నీ ఒంటిని నమ్మకు, ముందున్న తెరని నమ్ము అని.

ఆ తెరే అన్నిటికంటే ముఖ్యం. ఇద్దరికీ చెరొకటి ఉంటుంది. పైన సగం నీలం, కింద సగం మట్టిరంగు. నీలం ఆకాశం, మట్టిరంగు నేల. మధ్యలో విమానం గుర్తు. విమానం ఒరిగితే ఆ నీలం, మట్టిరంగు కలిసే గీత ఒరుగుతుంది. ముక్కు పైకి లేస్తే నీలం ఎక్కువ కనిపిస్తుంది. మూడో తరగతి పిల్లకి కూడా అర్థమవుతుంది. బయట ఎంత మబ్బైనా, అర్ధరాత్రైనా ఆ గీత కనిపిస్తూనే ఉంటుంది.

మబ్బులో ఉన్న విమానానికి ఆ గీత ఎలా తెలుస్తుంది? పూర్వం బొంగరంతో తెలిసేది. నిజంగా బొంగరమే. వేగంగా తిరిగే బొంగరం నిలువుగా నిలబడుతుంది కదా, దాన్ని ఎటు తిప్పినా కదిలే చట్రంలో బిగిస్తే విమానం ఎలా ఒరిగినా అది తన దిక్కు వదలదు. దాన్ని బట్టి ఎంత ఒరిగామో తెలుసుకునేవారు. 1929 సెప్టెంబరు 24న అమెరికాలో జిమ్మీ డూలిటిల్ అనే పైలట్ తన సీటు చుట్టూ మొత్తం మూసేసుకుని, బయట ఏమీ చూడకుండా, ముందున్న మీటర్లు మాత్రమే చూసుకుంటూ విమానం లేపి, నడిపి, దించాడు. ఎందుకైనా మంచిదని ముందు సీట్లో ఇంకో పైలట్ కూర్చున్నాడు. అమ్మ ప్రశ్నకి మొదటి జవాబు ఆయన చెప్పినట్టే. ఇప్పుడు ఎ320లో బొంగరం బదులు వెలుతురు వాడతారు. ఒక మూసిన దారిలో లేసరు వెలుతురుని రెండు వైపులా పంపుతారు. విమానం తిరిగితే ఒక వైపు వెలుతురుకి దారి కొంచెం పొడవు అవుతుంది, ఇంకో వైపుకి తగ్గుతుంది. ఆ తేడాని కొలిచి ఎంత తిరిగిందో లెక్క కడతారు. అలాంటి పెట్టెలు మూడు ఉంటాయి. మూడు ఎందుకో తర్వాత చెప్తాను.

ఆ తెరకి కుడి పక్కన ఎత్తు, ఎడమ పక్కన వేగం అంకెల్లో కదులుతూ ఉంటాయి. ఎత్తు తెలుసుకునే పద్ధతి మన ఘాట్ రోడ్డు ఎక్కిన ప్రతివాళ్ళకీ తెలుసు, తెలుసని వాళ్ళకి తెలియదు అంతే. కింద నుంచి పాడేరు బస్సెక్కితే చెవులు మూసుకుపోయి టప్‌మని తెరుచుకుంటాయి. కింద కొన్న చిప్స్ ప్యాకెట్టు పైకి వచ్చేసరికి ఉబ్బిపోతుంది. ఎందుకంటే పైకి వెళ్ళే కొద్దీ మన మీద ఉండే గాలి తక్కువ, దాని బరువు తక్కువ. సముద్రం దగ్గర గాలి ఒత్తిడి మామూలుగా 1013 హెక్టోపాస్కల్స్ ఉంటుంది. సుమారు 8 మీటర్లు ఎక్కితే 1 తగ్గుతుంది. పాడేరు సుమారు 900 మీటర్ల ఎత్తు కాబట్టి అక్కడికి దాదాపు 100 తగ్గుతుంది. విమానం పక్కన చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటిలోంచి బయటి ఒత్తిడి కొలిచి ఎత్తు చెప్తుంది. చిప్స్ ప్యాకెట్టు చేసేది కూడా అదే పని, అంకెలు లేవు అంతే.

కానీ ఇందులో ఒక చిక్కు ఉంది. రేడియోలో బంగాళాఖాతంలో అల్పపీడనం అని చెప్తారు కదా. అల్పపీడనం అంటే వాన అనుకున్నాను నేను ఇన్నాళ్ళూ. ఫిజిక్స్ సారు చెప్పారు, అల్పం అంటే తక్కువ, పీడనం అంటే ఒత్తిడి. అంటే ఆ రోజు గాలి ఒత్తిడే తక్కువ. అప్పుడు విమానం ఏమనుకుంటుంది? ఒత్తిడి తగ్గింది, నేను పైకి వచ్చాను అనుకుంటుంది. 10 తగ్గితే దాదాపు 80 మీటర్లు ఎక్కువ చూపిస్తుంది. కొండల దగ్గర 80 మీటర్లంటే ప్రాణం. అందుకే దిగే ముందు ఎయిర్‌పోర్టు టవరు వాళ్ళు ఈ రోజు ఒత్తిడి ఇంత అని అంకె చెప్తారు, పైలట్లు ఇద్దరూ ఆ అంకె తిప్పి పెట్టుకుని ఒకరిది ఒకరు సరిచూసుకుంటారు. బాగా పైకి వెళ్ళాక మాత్రం అందరూ 1013 అనే పెట్టుకుంటారు. అది తప్పు కదా అంటే, తప్పే, కానీ అందరికీ ఒకే తప్పు. అప్పుడు ఒక విమానానికీ ఇంకో విమానానికీ మధ్య దూరం సరిగ్గానే ఉంటుంది. ఇది నాకు భలే నచ్చింది.

వేగం సంగతి. జీపు కిటికీలోంచి చెయ్యి బయటపెడితే గాలి తోస్తుంది, వేగం పెరిగితే ఇంకా తోస్తుంది. విమానం ముక్కు దగ్గర బయటికి పొడుచుకొచ్చిన సన్న గొట్టాలు ఉంటాయి, పిటో గొట్టాలు అంటారు. గాలి వాటిలోకి ఎంత గట్టిగా తోస్తుందో చూసి వేగం చెప్తాయి. మంచు పట్టకుండా కరెంటుతో వేడి చేస్తారు. నేల మీద చాలాసేపు ఆపితే కందిరీగలు గూడు పెట్టకుండా తొడుగు వేస్తారు. చిన్న గొట్టమే కదా అనుకోవద్దు. 2009 జూన్ 1న బ్రెజిల్ నుంచి ఫ్రాన్స్ వెళ్ళే విమానంలో ఈ గొట్టాల్లో మంచు అడ్డుపడి వేగం అంకెలు తప్పు వచ్చాయి. కొద్దిసేపే. ఆ గాభరాలో పైలట్లు విమానాన్ని సరిగ్గా నడపలేక సముద్రంలో పడిపోయింది. 228 మంది పోయారు.

అందుకే మూడు. గొట్టాలు మూడు, వెలుతురు పెట్టెలు మూడు. ఒక్కటే ఉంటే అది అబద్ధం చెప్పినా నమ్మాల్సిందే. రెండుంటే ఏది నిజమో తెలియదు. మూడుంటే, రెండు ఒక మాట చెప్పి ఒకటి వేరే మాట చెప్తే ఆ ఒక్కదాన్ని పక్కన పెడతారు. మనం గుడ్లు లెక్క పెట్టేటప్పుడు ముగ్గురం ఎందుకు లెక్కపెడతామో అలాగే. విమానంలో రెక్కల్ని కదిపే నూనె గొట్టాల వరసలు కూడా మూడు, ఆకుపచ్చ, నీలం, పసుపు అని పేర్లు. పైలట్ చేతిలో ఉండే కర్రని కదిపితే అది నేరుగా రెక్కకి తగిలి ఉండదు. కరెంటు తీగ ద్వారా కంప్యూటర్లకి చెప్తుంది, అవి రెక్కలకి చెప్తాయి. ఆ కంప్యూటర్లు ఏడు. మా జీపులో స్పీడు చూపించే ముల్లు ఒక్కటే, అది నేను పుట్టకముందే ఆగిపోయింది.

ఆ కర్ర చాలా చిన్నది. స్టీరింగు ఉంటుందనుకున్నాను, లేదు. కెప్టెన్‌కి ఎడమ చేతి పక్కన, అక్కకి కుడి చేతి పక్కన. ఇద్దరూ ఒకేసారి కదిపితే "డ్యూయల్ ఇన్‌పుట్" అని విమానం నోటితో చెప్తుందంట. ఆటో పైలట్ అనే దానికి ఎదురుగా గుండ్రటి మరలు ఉంటాయి. మరని లోపలికి నొక్కితే పని విమానానికి అప్పగించినట్టు, బయటికి లాగితే పని నా చేతికి తీసుకున్నట్టు. ఆటో పైలట్ ఉంటే పైలట్లు నిద్రపోవచ్చు కదా అని నాతో వచ్చినది అడిగేసింది. అక్క ఏమీ అనుకోలేదు. అది చెప్పిన పని చేస్తుంది, ఏ పని చెప్పాలో దానికి తెలియదు, మేం చెప్పాలి అంది.

నాకు ముద్దొచ్చింది చక్రాలు దించే మీట. దాని చివర చిన్న చక్రం బొమ్మలా ఉంటుంది. అలంకారం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్ళ బి-17 విమానాలు దిగాక పైలట్లు రెక్కల మీట లాగబోయి చక్రాల మీట లాగేసేవాళ్ళు, చక్రాలు ముడుచుకుపోయి విమానం పొట్ట మీద పడేది. పైలట్లు తెలివితక్కువ వాళ్ళని అందరూ తిట్టారు. అల్ఫోన్స్ చపానిస్ అనే ఆయన 1943లో వెళ్ళి చూస్తే, రెండు మీటలూ పక్కపక్కనే ఒకేలా ఉన్నాయి. తప్పు మనిషిది కాదు, మీటది. చక్రాల మీటకి చక్రం ఆకారం, రెక్కల మీటకి రెక్క ఆకారం పెడితే చీకట్లో చెయ్యి తడిమినా తెలుస్తుంది అన్నాడు. మన వంటగదిలో కూడా ఉప్పు డబ్బా, సోడా డబ్బా ఒకేలా ఉన్నాయి. ఆ రోజు సాంబారు సంగతి ఇక్కడ రాయను.

కొండల దగ్గర ఉండే మనం తెలుసుకోవాల్సింది ఇంకొకటి. విమానం కొండకి దగ్గరగా వెళ్తుంటే కాక్‌పిట్‌లో ఒక గొంతు "టెర్రైన్, టెర్రైన్, పుల్ అప్" అని అరుస్తుంది. నేల వస్తోంది, పైకి లాగు అని. 1960ల చివర్లో డాన్ బేట్‌మన్ అనే అమెరికా ఇంజనీరు ఇది కనిపెట్టాడు. తర్వాత ప్రపంచంలో కొండల మ్యాపు కూడా అందులో పెట్టారు. అదిలేనప్పుడు మంచి విమానాలే మబ్బులో కొండలకి గుద్దుకునేవి. దిగేటప్పుడు కూడా గొంతు వినిపిస్తుంది, నేల ఎన్ని అడుగులుందో, యాభై, నలభై, ముప్పై, ఇరవై అని ఇంగ్లీషులో. ఇంకో విమానం ఎదురొస్తే చెప్పేది వేరే ఉంది. రెండు విమానాల్లో పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని ఒకదాన్ని పైకి, ఒకదాన్ని కిందికి పొమ్మంటాయి. 1996 నవంబరు 12న ఢిల్లీ దగ్గర చర్ఖీ దాద్రీ అనే చోట రెండు విమానాలు గాల్లో గుద్దుకుని 349 మంది చనిపోయారు. ఆ తర్వాతే మన దేశంలో ప్రయాణికుల విమానాలకి ఆ పెట్టె తప్పనిసరి చేశారు.

మేం దిగేటప్పుడు ఢిల్లీలో పొగమంచు. నాకు కిటికీలోంచి రెక్క చివర కూడా సరిగ్గా కనిపించలేదు. అప్పుడు అమ్మ మాట గుర్తొచ్చి కళ్ళు మూసుకున్నాను. తర్వాత అక్క చెప్పింది. రన్‌వే దగ్గర నుంచి రెండు రేడియో దారులు పంపుతారంట. ఒకటి కుడి ఎడమ చెప్తుంది, ఒకటి ఎంత వాలుగా దిగాలో చెప్తుంది. ఆ వాలు 3 డిగ్రీలు, అంటే 100 మీటర్లు ముందుకెళ్తే సుమారు 5 మీటర్లు దిగాలి. తెర మీద రెండు చిన్న గుర్తులు ఉంటాయి, రెండూ మధ్యలో ఉంటే దారి మీద ఉన్నట్టే. అమ్మకి ఇదే చెప్పాను. దారి ఉందమ్మా, కంటికి కనిపించే దారి కాదు, రేడియోతో వేసిన దారి అని.

ఇప్పుడు యంత్రాలు కాదు, మనుషుల గురించి. నాకు అన్నిటికంటే గుర్తుండిపోయింది ఇదే, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నాను.

ఒక ప్రయాణంలో ఇద్దరిలో ఒకరు నడుపుతారు, రెండోవాళ్ళు చూస్తూ ఉంటారు. వచ్చేటప్పుడు మార్చుకోవచ్చు. కెప్టెన్ ఉన్నా అక్క కూడా నడుపుతుంది. లేచే ముందు, దిగే ముందు ఒక అట్ట తీసి ఒకరు గట్టిగా చదువుతారు, రెండోవాళ్ళు ఆ స్విచ్చు చూసి జవాబు చెప్తారు. ఇరవై ఏళ్ళ నుంచి నడుపుతున్నా చదవాల్సిందే. 1935 అక్టోబరు 30న అమెరికాలో బోయింగ్ వాళ్ళ కొత్త పెద్ద విమానం లేచిన కాసేపటికే పడిపోయింది. నడిపినాయన చాలా అనుభవం ఉన్నవాడు. గాలికి తోక రెక్కలు కదలకుండా వేసే గొళ్ళెం తియ్యడం మర్చిపోయారు, అంతే. అప్పటి నుంచి జ్ఞాపకాన్ని నమ్మకుండా అట్ట మీద రాసుకోవడం మొదలుపెట్టారు. మేం ఎగ్జిబిషన్‌కి ఊట నీళ్ళు శుభ్రం చేసే మోడల్ పట్టుకెళ్ళి, దాని బ్యాటరీ ఇక్కడే మర్చిపోయాం. మాకు అట్ట లేదు.

చాలా కంపెనీల్లో ఇద్దరు పైలట్లూ ఒకే కూర తినరు. ఒకరిది పాడైతే ఇంకొకరు బాగుండాలని. ఒకరు బాత్‌రూముకి వెళ్తే ఎయిర్‌హోస్టెస్ లోపలికి వచ్చి నిలబడుతుంది, ఒక్కరినే వదలరు.

కానీ ఇద్దరున్నా ఒకరు నోరు విప్పకపోతే లాభం లేదు. 1977 మార్చి 27న స్పెయిన్ దేశానికి చెందిన టెనెరిఫే అనే దీవిలో పొగమంచులో రెండు పెద్ద విమానాలు ఒకే రన్‌వే మీద ఉన్నాయి. ఒక దాని కెప్టెన్, కంపెనీలో అందరికంటే పేరున్న ఆయన, అనుమతి రాకుండానే పరిగెత్తించడం మొదలుపెట్టాడు. వెనక కూర్చున్న ఇంజనీరుకి అనుమానం వచ్చి, ఆ విమానం ఇంకా పక్కకి వెళ్ళలేదేమో అన్నట్టు అడిగాడు. కెప్టెన్ వెళ్ళిపోయింది అన్నాడు. ఇంజనీరు మళ్ళీ అడగలేదు. 583 మంది చనిపోయారు. అంతమంది ఏ విమాన ప్రమాదంలోనూ పోలేదంట. ఆ తర్వాత పైలట్లకి ఒక కొత్త పాఠం పెట్టారు, చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకి తప్పు చెప్పడం ఎలా, పెద్దవాళ్ళు వినడం ఎలా అని. మీరు కెప్టెన్ గారికి చెప్తారా అని నేను అక్కని మెల్లగా అడిగాను. కాగితాలు రాసుకుంటున్న కెప్టెన్ తల ఎత్తకుండానే "రోజూ చెప్తుంది" అన్నారు.

ఇది వింటుంటే నాకు పోయిన వానాకాలం గుర్తొచ్చింది. మన హాస్టల్లో ఆరో తరగతి చెల్లికి మూడు రోజులు జ్వరం. పక్క మంచం చెల్లికి తెలుసు. రాత్రి వణికిపోతుంటే తన దుప్పటి కూడా తీసి కప్పింది. కానీ ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదే అంటే, పెద్దక్కలు పడుకున్నారు, లేపితే తిడతారని అంది. ఆ పెద్దక్కల్లో నేను ఒకదాన్ని. అంతకుముందు వారం నన్ను లేపినందుకు తిట్టాను కూడా. మలేరియా ముదిరిపోయి చివరికి 108లో తీసుకెళ్ళారు. ఆ చెల్లి ఇప్పుడు బాగుంది, ఖోఖోలో నన్నే అవుట్ చేస్తోంది. కానీ ఆ రాత్రి నాకు ఇంకా గుర్తొస్తుంది.

ఢిల్లీ నుంచి వచ్చాక మా డార్మెట్రీలో రాత్రి అటెండెన్సు అయ్యాక ఒకటి మొదలుపెట్టాం. ఒక్కొక్క మంచం దగ్గర ఆగి "నీ పక్కది ఎలా ఉంది?" అని అడుగుతాను. తన సంగతి కాదు, పక్కదాని సంగతి చెప్పాలి. మొదట్లో నవ్వేవారు. జనవరిలో ఇద్దరి జ్వరాలు మొదటి రోజే తెలిశాయి. వార్డెన్ మేడం మిగతా డార్మెట్రీల్లో కూడా పెట్టిస్తే బాగుంటుందని నా మనవి.

కాక్‌పిట్‌లో గొడ్డలి కూడా ఉంటుంది. నిజం! మంటలు వస్తే పలక పగలగొట్టడానికి. పక్క కిటికీ నేల మీద తెరుచుకుంటుంది, దాని పైన తాడు చుట్టి ఉంటుంది, అవసరమైతే పట్టుకుని దిగడానికి. గొడ్డలి, తాడు అనగానే అమ్మ మొదటిసారి నవ్వింది. మన అడవికి వెళ్ళే సామానే కదా అంది.

తర్వాత అమ్మ అసలు ప్రశ్న అడిగింది. ఇన్ని ఉన్నాయి, మూడేసి ఉన్నాయి, ఇద్దరు ఉన్నారు, మరి అహ్మదాబాద్‌లో ఎందుకు పడింది అని. నేను దాచలేదు. 2025 జూలైలో వచ్చిన మొదటి నివేదికలో ఉన్నది చెప్పాను. ఇంజన్లకి నూనె పంపే స్విచ్చులు రెండు మధ్యలో ఉంటాయి. చెయ్యి తగిలితే జారకుండా పైకి లాగి కదపాలి. విమానం లేచిన వెంటనే ఒక సెకను తేడాలో ఆ రెండూ ఆపే వైపుకి వెళ్ళాయి. మళ్ళీ మామూలు వైపుకి పెట్టారు, ఒక ఇంజను కోలుకోవడం మొదలైంది, కానీ అంత ఎత్తు లేదు. ఎందుకు అలా జరిగిందో ఆ మొదటి నివేదిక చెప్పలేదు. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పొయ్యిలో కర్ర ఎగదోసి, "తెలిసింది తెలిసిందన్నావు, తెలియనిది తెలియదన్నావు" అంది. అది మెచ్చుకోవడమో కాదో నాకు తెలియలేదు.

అక్కలాగా మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని వచ్చాక వెతికాను. ఉంది. మన సీలేరు అవతల ఒడిశాలో మాల్కన్‌గిరి జిల్లా ఉంది కదా, అక్కడి ఆదివాసీ అమ్మాయి అనుప్రియా లక్రా 2019లో పైలట్ అయింది. వాళ్ళ నాన్న పోలీసు హవల్దారు. ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి పైలట్ చదువుకి వెళ్ళింది. మాల్కన్‌గిరి అనగానే అమ్మ "మన సంతకి వస్తారే, ఆ మాల్కన్‌గిరా?" అని మూడుసార్లు అడిగింది.

కింద తెల్ల కాగితం అతికించాను. ఇంకా ఏమైనా అడగాలనుకుంటే పెన్సిల్‌తో రాయండి, తెలిసినవాటికి వచ్చే నెల జవాబు రాస్తాను. ఉప్మా గురించి మాత్రం అడగొద్దు.

9వ తరగతి, 'బి' సెక్షన్